ఏజెంటు దొరికారు, బాకీలు మిగిలాయి

అందరికీ నమస్కారం.

నా నవలకు లిటరరీ ఏజెంటు దొరికారు. ఢిల్లీలో ఉంటారు. ఆమెకు తెలుగు రాదు, కడప ఎప్పుడూ చూడలేదు. పోయిన వారం ఒప్పందం మీద ఆమె, నేను, అనువాదం చేస్తున్న మేడమ్ సంతకాలు పెట్టాం. ఇకమీదట ఈ నవల ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురణకర్తల దగ్గరికి తీసుకుపోయేది, బేరమాడేది, వాళ్లిచ్చే కాగితాలు చూసేది ఆమే.

ఒక మాట ముందే చెప్పేస్తా. పుస్తకాన్ని ఇంకా ఎవరూ కొనలేదు. "ఎంతిచ్చినారన్నా?" అని మా డిపోలో అడగనివాడు లేడు. ఏమీ ఇవ్వలేదు. ఏజెంటు మనకు డబ్బులివ్వరు, మన దగ్గర తీసుకోరు. పుస్తకం అమ్ముడుపోతే మనకొచ్చే దాంట్లోంచి వాటా తీసుకుంటారు. దేశంలో అయితే మామూలుగా నూటికి 15, విదేశాల్లో అమ్మితే 20. అమ్ముడుపోకపోతే ఆమె పడ్డ శ్రమంతా నీళ్లపాలే. అలాంటి పనికి ఒకరు ఒప్పుకునేదాకా నన్ను నడిపించినవాళ్లు ఈ జిల్లాలో కొందరున్నారు. ఈ పోస్టు వాళ్ల కోసం. పేర్లు రాయొద్దని ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పారు. కడపలో ఉన్నవాళ్లకు ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది, దానికి నేనేం చేయలేను.

ముందు డీటీపీ అన్న. ఏడు రోడ్ల కూడలి దగ్గర చిన్న షాపు. తెలుగులో ఏజెంటు అనే మనిషే లేడు కదా. రాసినవాడే టైపు చేయించుకుని, ముఖచిత్రం వేయించుకుని, విజయవాడలోనో హైదరాబాదులోనో ఐదువందల కాపీలు అచ్చేయించి బస్సులో వేయించుకుంటాడు. సగం పంచిపెడతాడు, సగం అటకెక్కుతుంది. నా నవల కూడా అట్లాగే అచ్చయింది, ఆ టైపు చేసింది ఈయనే. ఇంగ్లీషు అనువాదం మాట వచ్చినప్పుడు చిక్కు ఎక్కడొచ్చిందంటే, నవలంతా అచ్చుపనికి వాడే పేజ్‌మేకర్‌లో, అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంది. మేడమ్‌కు ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు కావాలి. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు చెల్లాచెదురయ్యాయి. అన్న షట్టరు సగం దించి, అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని, పేజీ పేజీ సరిచేశాడు. బిల్లు ఎంతన్నా అంటే "పుస్తకం ఇంగ్లీషులో వచ్చినాక ఒక కాపీ ఇయ్యి, మా పాపకు చదువుకునేదానికి" అన్నాడు.

ఆయనకు ఇంకో బాకీ కూడా ఉంది. ఏజెంట్లమని చెప్పుకునే ఒక కంపెనీ నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఆ షాపులోనే ఉన్నాను. మీ నవల మాకు చాలా నచ్చింది, విదేశాల దాకా తీసుకుపోతాం, పరిశీలన రుసుం ముప్పై ఐదు వేలు కట్టండి అన్నారు. నవల పేరేంటో చెప్పమంటే తడబడ్డారు. అన్న అటు కీబోర్డు మీదనుంచి చేయి తీయకుండానే "డబ్బు నీ తట్టుకు రావాల గానీ, నీ తట్టునుంచి పోతాదా? పెట్టెయ్ ఫోను" అన్నాడు. తర్వాత మేడమ్ చెప్పారు, ఈ వృత్తిలో మొదటి నియమం అదేనట: చదవడానికి డబ్బడిగే ఏజెంటు ఏజెంటు కాదు. అన్న ఆ నియమం ఎక్కడా చదవలేదు, నలభై ఏళ్లుగా పెండ్లిపత్రికలు కొడుతున్నాడు, అంతే.

ఇక మేడమ్. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తారు. నవలకు ఏజెంటు కావాలని నేను అడగలేదు, అసలు అలాంటి ఏర్పాటొకటి ఉందని చెప్పిందే ఆమె. పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు చాలావాటికి ఊరూపేరూ తెలియని రచయిత నేరుగా పంపితే చదివే తీరిక ఉండదు, ఏజెంటు పంపితే తెరిచి చూస్తారు అన్నారు. ఏజెంట్లను వెతికే దారి కూడా ఆమెదే. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన నవలలు వాళ్లింట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. కథ వదిలేసి అన్నిటిలోనూ చివరి పేజీలు తిరగేయమన్నారు. కృతజ్ఞతల పేజీలో రచయితో అనువాదకుడో తన ఏజెంటు పేరు చెప్పకుండా ఉండరు. మనలాంటి పుస్తకం ఇంతకుముందు ఎవరు మోశారో అక్కడ తెలిసిపోతుంది. క్రైమ్ నవలలు చూసే ఏజెంటుకు ముంపు గ్రామం కథ పంపి లాభమేముంది?

నా నవల మా జిల్లాలోని గండికోట రిజర్వాయరు ముంపు మీద. ఏజెంటుకు రాయాల్సిన ఉత్తరాన్ని నేను ప్రాజెక్టు సంగతులతో మొదలుపెట్టాను. 26.85 టీఎంసీలు, మునిగిన ఊళ్లు, పరిహారం, పునరావాస కాలనీలు. మేడమ్ పెన్సిల్ తీసి ఆ పేరా మొత్తం మీద అడ్డగీత గీశారు. "ఢిల్లీలో కూర్చున్నామెకు టీఎంసీ అంటే ఏం తెలుసు? ఒక ఇల్లు చూపించు" అన్నారు. అప్పుడు రాసిన మొదటి వాక్యం ఇది: నీళ్లు ఊరి చెరువు కట్ట దాటిన రోజు, తన ఇంటి ద్వారబంధాన్ని గునపంతో ఊడబెరికించి ట్రాక్టరుకెత్తించిన ముసలామె, కాలనీలో ఇచ్చిన ఇంటికి అది పట్టక, మూడేళ్లు దాన్ని గోడకు ఆనించి పెట్టుకుంది. ఉత్తరంలో ఇంకేముండాలో కూడా ఆమే చెప్పారు. ఒకే పేజీ. నవల ఎంత పొడుగు, ఎవరి గురించి, తెలుగులో ఎప్పుడు వచ్చింది, అనువాద హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి, రాసినవాడెవడు. "ఈ చిరు ప్రయత్నాన్ని ఆదరించమని వేడుకుంటున్నాను" అని చివర్లో ఉన్న లైను కూడా పెన్సిల్‌కు బలైపోయింది.

కథాసారంతో నాకూ ఆమెకూ చిన్న యుద్ధమే జరిగింది. ముగింపు చెప్పనంటాను నేను. అట్ట వెనక రాసేదానికి, ఏజెంటుకు రాసేదానికి తేడా ఉందంటారు ఆమె. చివరికి ముసలామె ఏమవుతుందో, ఎందుకవుతుందో రెండు పేజీల్లో తేల్చేయాలి, పుస్తకం నిలబడుతుందో లేదో చూసేవాళ్ల దగ్గర దాపరికాలు ఏమిటి అని. ఆమే గెలిచారు. దానికి తోడు మొదటి మూడు అధ్యాయాల అనువాదం. కాలేజీ పేపర్లు దిద్దుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని, పైసా ఎవరిస్తారో తెలియకుండా ఆ మూడు అధ్యాయాలు చేశారామె.

ఎందుకమ్మా ఇంత కష్టం అంటే ఆమె కోపమంతా బయటపడింది. 2018 నుంచి 2024 దాకా మన దేశపు నవలలకు ఇచ్చిన జేసీబీ సాహిత్య బహుమతి మలయాళం నుంచి వచ్చిన అనువాదాలకు మూడుసార్లు, ఉర్దూకు ఒకసారి, తమిళానికి ఒకసారి వచ్చింది. తెలుగుకు ఒక్కసారీ రాలేదు. ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి 2025లో కన్నడ కథలకు వచ్చింది, బళ్లారి మనకెంత దూరం అని అడిగారు. మనవాళ్లు రాయలేక కాదు, రాసింది ఎత్తుకుని నాలుగిళ్లు తిరిగేవాళ్లు లేక అని ఆమె వాదన. నాకైతే పూర్తిగా నమ్మకం లేదు, మనం రాసేదాంట్లో కూడా చూసుకోవాల్సింది ఉంది. కానీ ఆ కోపం వల్లే నా పని జరిగింది కాబట్టి ఇక్కడ వాదన పెట్టుకోను.

కొందరు ఏజెంట్లు జవాబివ్వలేదు. నెలలు పడుతుందని, ఈలోగా గుర్తుచేస్తూ వెంటపడొద్దని మేడమ్ ముందే హెచ్చరించారు. వద్దన్న ఒకాయనకు కూడా ఇక్కడ దండం పెట్టాలి. మొదటి అధ్యాయంలోనే పదిహేనుమంది వస్తున్నారు, ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలో తెలియలేదు అని రెండు లైన్లు రాశారు. రాయాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆ అధ్యాయం నేను తెలుగులోనే మళ్లీ రాశాను, సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కూర్చుని. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు నకళ్లు రాయించిన బంగళా ఉన్న చోటే ఇప్పుడా కేంద్రం ఉంది. అప్పులు చేసి మరీ ఆ పని చేశాడాయన. అక్కడ లైబ్రరీలో పనిచేసే తమ్ముడు నేను పోయినప్పుడల్లా కిటికీ పక్క బల్ల చూపించేవాడు. తలుపులు వేసే వేళయినా "ఇంగ రెండు పేజీలే గదా సార్, రాసుకో" అనేవాడు. తమ్ముడూ, ఆ రెండు పేజీలే ఏజెంటుకు నచ్చినవి.

ఒప్పందం ముసాయిదా వచ్చింది. ఇంగ్లీషులో, సన్న అక్షరాల్లో. అది పట్టుకుని ప్రొద్దుటూరు పోయాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లుగా కథలు రాస్తున్నారు, ఆయన కథలు ఎప్పుడో వేరే భాషలోకి పోయాయి. తాను సంతకం పెట్టిన కాగితం ట్రంకుపెట్టెలోంచి తీసి నా ముందు పెట్టారు. ఎవరూ చూపించని కాగితం అది. "ఇట్ల రాయించుకోవద్దు అని చెప్పేదానికే దాచిపెట్టినా" అన్నారు. అందులో అనువాద హక్కులు ఇచ్చేస్తున్నట్టు ఉంది గానీ, ఎన్నేళ్లకో లేదు.

రెండు కాగితాలూ మా వకీలు మామ దగ్గరికి చేరాయి. మామ సివిల్ కేసులు చూస్తాడు, పుస్తకాల గొడవలు ఆయనకు కొత్త. అయినా 1957 కాపీరైట్ చట్టం ముందేసుకుని 19వ సెక్షన్ చదివి చెప్పాడు. హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే అది ఐదేళ్లుగానే లెక్క, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే లెక్క. అంటే పెద్దాయన హక్కులు పెద్దాయనకు ఎప్పుడో వెనక్కి వచ్చేశాయి, ఆయనకే తెలియదు! ఫోన్ చేసి చెప్తే కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ మేడమ్ నా కథలు కూడా చూస్తాదేమో కనుక్కోరా" అన్నారు. మేడమ్, ఇది మీకు అందరి ముందూ పెట్టిన అర్జీ.

నా ఒప్పందంలో మామ పెన్ను రెండుచోట్ల ఆగింది. ఇకముందు నేను రాసేవన్నీ ఆమె ద్వారానే పోవాలన్న షరతు మార్చి, ఈ ఒక్క నవల అనువాదానికే పరిమితం చేయమన్నాడు. తెలుగు హక్కులు నావేనని స్పష్టంగా రాయమన్నాడు. ఏజెంటు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు, అడగడం మంచిదయిందని కూడా రాశారు. ఇంకో సంగతి మాత్రం మామే తేల్చాడు. మేడమ్ తన వాటా తక్కువ చెప్పుకున్నారు. ఇంటర్నేషనల్ బుకర్ యాభై వేల పౌండ్లనే రచయిత, అనువాదకులు చెరిసగం పంచుకుంటారు, కడపలో మీరు తక్కువ తీసుకునేదేమి అని సగం అని రాసేశాడు.

సగమంటే ఎంతో లెక్కేసి చూపించింది మా ఇంటామె. పుస్తకం 400 రూపాయలు, అమ్మిన ఒక్కో కాపీకి మాకొచ్చే రాయల్టీ నూటికి ఏడున్నర అనుకుంటే 30. సగం మేడమ్‌కు పోగా 15. అందులో ఏజెంటు వాటా రెండుంపావు. నాకు మిగిలేది పన్నెండు రూపాయల ముప్పావలా. "కారం దోశ కూడా రాదే!" అని నవ్వింది. నేను సెలవు రోజుల్లో కాగితాల ముందు కూర్చుంటే ఇల్లు నడిపింది ఆమె. ఆ నవ్వే హక్కు ఆమెకుంది.

డిపోలో నా బదులు డ్యూటీ చేసినవాళ్లకు, సంతకాలు పెట్టిన కాగితాలు స్కాన్ చేసిచ్చిన ఆఫీసు అక్కకు దండాలు. కొండాపురం తట్టు కాలనీలో, నవలలోని ముసలామెకు తన ద్వారబంధం అరువిచ్చిన అవ్వకు పోయి చెప్పాను. "ఢిల్లీకి పోయిందంటనే నా వాకిలి? జాగ్రత్తగా పెట్టుకోమను" అంది.

మిగతా అధ్యాయాల అనువాదం సంక్రాంతిలోగా ఏజెంటుకు పంపాలి. మేడమ్ రోజూ సందేహాలు పంపుతున్నారు, నేను జవాబులు రాస్తున్నాను. కాబట్టి ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోవద్దు, మెసేజ్ పెట్టండి. పెద్దాయన మాత్రం ఎప్పుడైనా చేయొచ్చు.