యార్డుకు సెలవులు, కూలీకి పస్తులు

సంపాదకులకు,

వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులివ్వడం ఏటా ఉన్నదే. ఆ ఎండలకు వ్యాపారం ఆపడాన్ని తప్పుపట్టను. అన్ని రోజులూ టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ, కాయల ముచ్చికలు (తొడిమలు) తీసే మహిళ ఏం తిని బతకాలన్నదే ఎవరి లెక్కలోనూ ఉండదు. పని లేని ఆ రోజులకు వారికి భృతి ఇవ్వాలన్నదే నా మాట.

భృతి ఇస్తే జనం సోమరులవుతారని టీ కొట్ల దగ్గర తరచూ వింటుంటాను. ముచ్చికలు తీసేచోట ఒక్క పూట కూర్చుంటే ఆ మాట రాదు. ఘాటుకు కొంగు ముక్కుకు కట్టుకుని, దగ్గుతూ పొద్దుగూకే దాకా తీస్తారు. చేతుల మంటకు రాత్రి అన్నం కలుపుకోవడమూ కష్టమే. మిర్చి ధర పడిపోతే సరుకును శీతల గిడ్డంగిలో పెట్టుకుని నెలల తరబడి ఆగవచ్చు, దాని మీద బ్యాంకు అప్పు కూడా ఇస్తుంది. కూలీ కష్టానికి అలాంటి గిడ్డంగి లేదు. అందుకే వడ్డీకి తెస్తారు, లేదా వచ్చే సీజను కూలి కింద ముందే కొంత తీసుకుని, తర్వాత ఎంత ఇస్తే అంతకు పనిచేస్తారు. గిట్టని కూలికి రానని చెప్పగలగడమే భృతి వల్ల అసలు లాభం. పని చేయించుకునేవారికి అది రుచించకపోవడంలో వింత లేదు.

అధిక వడ్డీకి అప్పులిచ్చి, తీర్చలేనివారిని వేధించిన విజయవాడ కాల్‌మనీ వ్యవహారం 2015లో బయటపడినప్పుడు అందరం ముక్కున వేలేసుకున్నాం. జనం ఆ గుమ్మాలు ఎందుకు తొక్కుతారో మాత్రం ఆరా తీయలేదు.

పని లేనప్పుడు ప్రభుత్వ సాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణలోనే ఉంది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి చెల్లించాలని రాశారు. అది పల్లెలకే. కార్మికుల బీమా సంస్థ ఈఎస్‌ఐలో 2018లో ఉద్యోగం పోయినవారికి భృతి పథకం తెచ్చి, 2020లో దాన్ని సగటు వేతనంలో సగానికి పెంచారు. చందా కట్టే యజమాని ఉన్నవారికే అది. రాష్ట్రంలో 2018లో మొదలై 2019లో ఆగిపోయిన యువనేస్తం నిరుద్యోగ భృతి కూడా చదువుకున్న యువతకే. పట్నంలో రోజుకూలికి వెళ్లే నడివయసు మనిషికి వీటిలో ఏదీ అందదు.

యార్డు సెలవులు ముందే ప్రకటిస్తారు కాబట్టి ఎవరికి, ఎన్నాళ్లు పని ఉండదో అధికారులకు తెలియనిది కాదు. ముచ్చికలు తీసే మహిళల పేర్లను మార్కెట్ కమిటీ ముందుగా పుస్తకంలోకి ఎక్కించాలి. వసూలయ్యే మార్కెట్ సెస్సులో కొంత తీసిపెట్టి, దానికి రాష్ట్ర ప్రభుత్వం తన వాటా కలిపి, సెలవులు మొదలైన వారంలోనే హమాలీల, ఈ మహిళల ఖాతాల్లో భృతి వేయాలి. సీజను తెరిచాక వేస్తే అది వడ్డీ వ్యాపారికే చేరుతుంది.

– ఒక విశ్రాంత గుమాస్తా,
గుంటూరు