మేడమీది కుళాయిలకు నీళ్లెప్పుడొస్తాయి మంత్రిగారూ?

గౌరవనీయులైన మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

అస్సలాము అలైకుమ్, నమస్కారం. నేను విశాఖపట్నం జగదాంబ సెంటర్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తాను. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందటి మూడూ అర్జీలు. వాటికి రసీదులొచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా మసీదులో ఆడవాళ్ల కోసం ఒప్పుకున్న వజూఖానా (నమాజుకు ముందు వజూ చేసే, అంటే చేతులు, మొహం, కాళ్లు కడుక్కునే చోటు), మరుగుదొడ్డి ఫైలు మీ శాఖలోనే ఉంది. ఆ కథంతా మళ్లీ చెప్పను. పని సగంలో ఆగినందుకు మేమేం పడుతున్నామో అదొక్కటే చెబుతాను.

పోయిన నెల అమ్మీని తీసుకుని వెళ్లాను. ఆడవాళ్లకు ఇచ్చిన గది మేడమీద ఉంది. పక్క సందులోంచి ఇనుప మెట్లు. పట్టుకోడానికి కమ్మీ ఒకవైపే ఉంది. అమ్మీ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, ఆగి, ఊపిరి పీల్చుకుని ఎక్కింది. పైన సగం గదిలో షామియానా గుంజలు, వంట డేగిశాలు. వజూ కోసం కట్టిన గట్టు దగ్గర గోడలోంచి నాలుగు పైపులు బయటికొచ్చి ఉన్నాయి. వాటికి కుళాయిలు బిగించలేదు. గుడ్డపీలిక చుట్టిన చెక్క బిరడాలు కొట్టేశారు. మరుగుదొడ్డికి తాళం. కింద పాన్‌షాపులో నీళ్లసీసా కొనుక్కొచ్చి, అమ్మీ చేతులు, మొహం, మోచేతుల దాకా కడిగించి, తల తుడుచుకున్నాక మిగిలిన గుక్కెడు నీళ్లు రెండు పాదాల మీదా పంచి పోశాను. ఒలికిన నీళ్లు పోయే దారి లేదు, కింద పాత బకెట్టు పెట్టాను.

కింద మగవాళ్లు వజూ చేసే నీళ్లతొట్టి, హౌజు దగ్గర చేసుకోవచ్చు కదా అని మీ ఆఫీసులో ఒకాయన అన్నారు. వజూకి చేతులు మోచేతుల పైకి మడవాలి, తలమీద గుడ్డ జరపాలి. మగవాళ్లు వరసగా కూర్చునే చోట ఏ ఆడది ఆ పని చేస్తుంది? అడిగిన ఆయన ఇంట్లోనూ ఆడవాళ్లుంటారు.

నమాజు మొదలయ్యాక స్పీకరు ఆగిపోయింది. మాకు కింద ఇమాముగారు కనబడరు, వినబడాలంతే. నడుం వంచే రుకూలో ఉన్నారో, నుదురు నేలకానించే సజ్దాలోకి వెళ్లారో తెలీక నలుగురం నాలుగు రకాలుగా ఉండిపోయాం. అమ్మీ సజ్దాలోనే ఎంతసేపు ఉండిపోయిందో! నాకు ఏడుపొచ్చింది.

ఆడవాళ్లు ఇంట్లో నమాజు చదువుకోవచ్చు కదా అనేవాళ్లకు ఒకటే చెబుతాను. చలికాలంలో వైజాగ్‌లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది. పొద్దుగూకగానే చేసే మగ్రిబ్ నమాజుకు ఉండే వ్యవధి గంటకు కొంచెం పైన. ఏడింటికి షాపు వదిలి ఇంటికి గాజువాక బస్సెక్కేలోపే ఆ వేళ దాటిపోతుంది. పెద్దాసుపత్రిలో రోగుల దగ్గరుండే ఆడవాళ్లు శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ వస్తారు. వాళ్ల ఇల్లు ఎక్కడుందని వెళ్లి చదువుకుంటారు? జమాతుకు, అంటే మసీదులో అందరూ కలిసి చేసే నమాజుకు, రావడం ఆడవాళ్ల మీద ఫర్జు (తప్పనిసరి) కాదని నాకూ తెలుసు. రాకూడదని మాత్రం ఎక్కడా లేదు. అల్లా దాసీలను అల్లా మసీదులకు రాకుండా ఆపవద్దని ప్రవక్త చెప్పారు. ఆడవాళ్లు మసీదులో నమాజు చేసుకోవచ్చని ముస్లిం పర్సనల్ లా బోర్డు 2020లో సుప్రీంకోర్టుకే రాసిచ్చింది.

మసీదు పెద్దల మీద నాకు కోపం లేదు. మసీదు నిర్వహణ చూసే ముతవల్లిగారు మాకు గది ఇచ్చారు, ఇమాముగారు రమ్మన్నారు. డబ్బు సంగతి అడిగితే మీ శాఖ నుంచి రావాలంటారు. మీ ఆఫీసుకు వెళితే కమిటీ తీర్మానం పంపలేదంటారు. తీర్మానం కాపీ నేనే పట్టుకెళ్లి చూపిస్తే, ఇది పాతది, కొత్తది తెమ్మన్నారు. కొత్తదీ ఇచ్చాను. సార్ క్యాంపులో ఉన్నారన్నారు. రెండేళ్ల కిందట కొలతలు తీసుకోడానికి వచ్చినాయన మా ముందే టేపు చుట్టుకుంటూ "రంజాన్‌లోపు అయిపోతుందమ్మా" అన్నారు. ఆ రంజాన్ వెళ్లింది, తర్వాతదీ వెళ్లింది. రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు రోజుల్లో ఇంట్లో వజూ చేసుకుని, మళ్లీ ఇల్లు చేరేదాకా మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చారు మావాళ్లు. పగలంతా ఉపవాసం ఉన్నవాళ్లండీ. ఇఫ్తార్ అయ్యాక కూడా మరుగుదొడ్డి లేదన్న భయంతో దాహం ఆపుకున్నారు.

ఇమాములకు నెలకు 10,000, అజాన్ ఇచ్చే మౌజన్‌లకు 5,000 గౌరవ వేతనం పెట్టిన ప్రభుత్వానికి నాలుగు కుళాయిలు బరువా? మేం పాలరాయి అడగలేదు, ఏసీ అడగలేదు. నీళ్లు కావాలి. తాళం తీసిన మరుగుదొడ్డి కావాలి. మెట్లకు రెండోవైపు కమ్మీ, ఆగిపోని స్పీకరు కావాలి. ముఖ్యంగా నీళ్లు కావాలి మంత్రిగారూ, మళ్లీ అదే అడుగుతున్నాను.

మీరు విశాఖ వచ్చినప్పుడు మా మసీదుకు రండి. కింద హాల్లో దువా చేసి వెళ్లిపోకండి, ఆ ఇనుప మెట్లెక్కి పైకి రండి. మీతో పాటు మీ ఇంటి ఆడవాళ్లను తీసుకురండి, వజూ చేసుకోమనండి. రాలేకపోతే పని మొదలయ్యే తారీఖు ఒక్కటి రాసి పంపండి. ఆ రోజు షాపుకు సెలవు పెట్టి, ప్లంబరు వచ్చేదాకా నేనే అక్కడ నిలబడతాను.

ఇట్లు,
జగదాంబ సెంటర్ నుంచి మగ్రిబ్ నమాజుకు వచ్చే ఒక మహిళ,
విశాఖపట్నం