చిన్న లైసెన్స్ ఫైలు ఫోన్‌లో ఎందుకు దిగదు?

కస్టమర్ సపోర్ట్ వారికి,

కాకినాడ దగ్గర ఒక వంటనూనె రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చూస్తాను. మా కంట్రోల్ రూమ్‌లో ప్లాంటు రీడింగులు, అలారాలు స్క్రీన్ మీద చూపించేది మీ స్కాడా సాఫ్ట్‌వేరే. మొన్న నైట్ షిఫ్ట్‌లో ఆ పీసీ హార్డ్ డిస్క్ పోయింది. స్పేర్ డిస్క్ వేసి బ్యాకప్ ఎక్కించాం. కానీ మీ లైసెన్స్ పాత డిస్క్ సీరియల్ నంబరుకు ముడిపడి ఉంది కదా, కొత్త డిస్క్ కనబడగానే సాఫ్ట్‌వేర్ డెమో మోడ్‌లోకి పోయింది. రెండు గంటలు నడిచి ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేసుకోవాలి.

కొత్త లైసెన్స్ మీ పోర్టల్ నుంచే దించుకోవాలట. ఫోన్‌లో తెరిస్తే డెస్క్‌టాప్ బ్రౌజర్ వాడమంది. క్రోమ్‌లో 'డెస్క్‌టాప్ సైట్' టిక్ పెడితే లాగిన్ అయింది గానీ డౌన్‌లోడ్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) బిల్లు కట్టే లింకు మాత్రం అదే ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటుంది!

మీ వాళ్లకి ఫోన్ చేస్తే స్కాడా పీసీలోనే పోర్టల్ తెరవమన్నారు. దానికి కావాలనే నెట్ ఇవ్వలేదండీ, కంట్రోల్ నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్‌కి కలపొద్దని మీ మాన్యువలే చెబుతోంది. పోనీ కలిపినా లాభం లేదు, ఎందుకంటే మీ ఈ వెర్షన్ కోసమే అందులో ఇంకా విండోస్ 7 ఉంచాం, దాని మీద క్రోమ్ 2023లోనే 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది, మీ పోర్టలేమో కొత్త బ్రౌజర్ కావాలంటుంది. ఆఫీసు కంప్యూటర్లున్న గదికి రాత్రి తాళం.

స్క్రీన్ పోయినా యంత్రాలను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ తన పని తాను చేస్తూనే ఉంటుంది, నిజమే. కానీ నూనె వాసన తీసే డియోడరైజర్‌లో నూనె వాక్యూమ్ కింద 240 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్రెండ్ గ్రాఫ్ లేదు, అలారం లేదు. ఆపరేటర్ టార్చ్ పట్టుకుని ప్లాట్‌ఫామ్ ఎక్కి గేజ్ చూసి వాకీటాకీలో అంకె చెబుతుంటే నేను కింద కాగితం మీద రాసుకున్నాను. సరిగ్గా అప్పుడే వాక్యూమ్ పడిపోతే మాకు ఎవరు చెప్పాలి? తెల్లారేదాకా అదే టెన్షన్.

సెక్యూరిటీ కోసం మొబైల్ ఆపామని మీ మెయిల్‌లో రాశారు. ఆ ఫైలు మా పీసీ కోడ్‌కి తప్ప ఇంకెక్కడా పనిచేయదు, దొంగ ఎత్తుకుపోయినా వాడికి ఉపయోగం లేదు. ఫోన్‌లో దించిన ఫైలును పీసీకి చేర్చే పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయకుండా మేం ఎలాగూ పెట్టం, పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకే స్టక్స్‌నెట్ వైరస్ 2010లో బయటపడ్డాక ఆ జాగ్రత్త ఈ ఫీల్డులో అందరికీ ఉంది.

లైసెన్స్ పేజీని మొబైల్‌కి తెరవండి, లేదా రిజిస్టర్డ్ మెయిల్‌కి ఫైలు పంపండి, ఏదైనా సరే. డిస్క్ మారితే వెంటనే డెమోలోకి తోసేయకుండా కొన్ని రోజుల గడువివ్వండి. రాక్‌వెల్ వాళ్ల ఇలాంటి సాఫ్ట్‌వేరే ఫ్యాక్టరీటాక్, అదైతే యాక్టివేషన్ (లైసెన్స్) దొరక్కపోయినా 7 రోజులు నడుస్తుంది. రాత్రిపూట లైసెన్స్ ఇప్పించగల మనిషి నంబరు కూడా కావాలి. ఏఎంసీ రెన్యువల్ కాగితం మా మేనేజర్ టేబుల్ మీదే ఉంది, మీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టనన్నారు.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్