ఎవరి కారు వాళ్లకు ముద్దు

విజయవాడ,
ఆదివారం.

అమ్మలూ,

సెకండ్‌హ్యాండ్ కారు కొందామని నువ్వు పంపిన పేర్లు చూశాను. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10, టియాగో, పోలో. "ఈ కార్లున్నవాళ్లు నీకు చాలామంది తెలుసు కదా, అడిగి చెప్పమ్మా" అన్నావు. అడిగాను. కాకిపిల్ల సంగతే! నాలుగైదు లక్షలు పోసి కొన్నవాడు నా కారు బాగాలేదని ఎందుకంటాడు? అందుకే "మీ కారు ఎలా ఉంది" అనడం మానేసి వేరే రెండు ప్రశ్నలు పట్టుకున్నాను. పోయిన రెండేళ్లలో దేనికి ఎంత వదిలింది? ఇప్పుడు కొనాల్సొస్తే మళ్లీ ఇదే కొంటారా? రెండో ప్రశ్నకి వెంటనే "ఓ, ఇదే కొంటా" అన్నవాళ్ల కంటే కాస్త ఆలోచించి చెప్పినవాళ్ల మాటలే నాకు పనికొచ్చాయి.

మీ పెద్దమావయ్యది వ్యాగన్ ఆర్. 2019 జనవరిలో వచ్చిన కొత్త షేపు. అందులో 1.0 ఇంజనూ ఉంది, 1.2 ఇంజనూ ఉంది. ఆయనది 1.2, అంటే నాలుగు సిలిండర్లది. సీటు ఎత్తుగా ఉండడంతో ఎక్కడానికీ దిగడానికీ మోకాళ్లు వంచే పని లేదట. మీ అత్తయ్యగారి కాళ్ల సంగతి తెలుసు కాబట్టి ఆ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. సర్వీసు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అయితే కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు గుద్దించి చూసినప్పుడు 2019లో అయిదింటికి రెండు స్టార్లు, నిబంధనలు గట్టి చేశాక 2023లో ఒక్కటే ఇచ్చారు. ఆ మాట అంటే మావయ్య "నేను అరవై స్పీడు దాటను కదా" అన్నాడు. ఎదురొచ్చే లారీ కూడా అరవై దాటదని ఆయనకెవరు చెప్పారో!

పక్క ఫ్లాట్ లెక్చరర్ గారిది స్విఫ్ట్ పెట్రోలు. ఆయన గర్వమంతా రీసేల్ మీదే. "బోర్డు పెడితే సాయంత్రానికి పోతుందండీ" అంటారు. నిజమే, కానీ ఆ లాభం అమ్మేవాళ్లది. మనం కొనేవాళ్లం. అదే వయసు, అదే రీడింగు ఉన్న ఇంకో బండి కంటే స్విఫ్ట్‌కి ఎక్కువ పెట్టాలి. నువ్వు దాన్ని అరిగేదాకా ఉంచుకునే మనిషివి. స్కూటీని ఏం చేశావో చూశాను కదా.

అల్లుడుగారు డీజిల్ స్విఫ్ట్ మీద మోజుపడుతున్నారని రాశావు. ఆయనతో నెమ్మదిగా చెప్పు. ఆ 1.3 డీజిల్ ఇంజను నిజంగా మంచిదే, ఫియట్ వాళ్లది. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతీ డీజిల్ ఆపేసింది. అంటే ఇప్పుడు దొరికేవన్నీ పాతబడ్డవే. పైగా డీజిల్ కొన్నవాళ్లలో ఎక్కువమంది దూరాలు తిరగడానికే కొన్నారు కాబట్టి మీటరు మీద తక్కువ రీడింగు కనిపిస్తే సంతోషం కాదు, అనుమానం రావాలి. టర్బో, ఇంజెక్టర్లు ఒక్కసారి రిపేరుకొచ్చాయంటే లీటరు మీద మిగిలిందంతా ఊడ్చుకుపోతుంది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లి రావడానికి డీజిల్ ఎందుకు?

గ్రాండ్ ఐ10 ఉన్నవాళ్లు పెద్దగా ఏమీ చెప్పలేదు. ఏసీ చల్లగా ఉంటుంది, స్టీరింగ్ తేలిక, లోపల చప్పుడు తక్కువ. 2019 ఆగస్టు నుంచి వచ్చిన దాని కొత్త మోడల్ నియోస్‌కి క్రాష్ టెస్టులో రెండు స్టార్లు. అంతే.

పోలో మీ బాబాయి కొడుకు దగ్గరుంది. తలుపు వేసి ఆ శబ్దం నాకు వినిపించి మరీ మురిసిపోయాడు. 2014లోనే ఎయిర్‌బ్యాగులతో నాలుగు స్టార్లు తెచ్చుకున్న కారు, హైవే మీద కుదురుగా ఉంటుంది, అవన్నీ నిజాలే. 2022లో మన దేశంలో తయారీ ఆగిపోయింది. వాడికి కార్ల పిచ్చి, ఏ శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో వెతుక్కుంటూ ఆదివారాలు గడిపేస్తాడు. నీకు ఆదివారం నిద్రపోవాలి. అలాగే ఫోర్డ్, షెవర్లే, డాట్సన్ కార్లు చవగ్గా కనిపిస్తాయి. కంపెనీలు ఇక్కడ అమ్మకాలు ఆపేసుకున్నవి. మంచి బళ్లు లేకపోలేదు, కానీ తెలిసిన మేస్త్రీ చేతిలో ఉన్నవాళ్లకే అవి.

టియాగో గురించి మా కాలనీలో నర్సమ్మాయిని అడిగాను. డ్యూటీకి రోజూ గుంటూరు వెళ్లొస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే మూడు సిలిండర్ల వణుకు తెలుస్తుందిట, చిన్న గేర్లలో పికప్ మందంట. ముందు ఈ రెండూ చెప్పి, తర్వాత "అయినా మళ్లీ ఇదే కొంటానాంటీ, వర్షంలో లారీ పక్కనుంచి పోయినా బండి కదలదు" అంది. 2020 జనవరిలో దానికి నాలుగు స్టార్లు వచ్చాయి. నువ్వు అత్తయ్యగారిని తీసుకుని పండక్కి అరవై అయిదో నంబరు హైవే మీద విజయవాడ వచ్చేదానివి. నా ఓటు దీనికే. 2020 తర్వాతి పెట్రోలు, మాన్యువల్. సీట్లో అత్తయ్యగారిని ఒకసారి కూర్చోబెట్టి చూడు. ఆవిడకి ఇబ్బందైతే వ్యాగన్ ఆర్ 1.2 చూద్దాం. ఏదైనా ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉండాల్సిందే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి తప్పనిసరి చేశారు గానీ పక్క సీటుది 2022 జనవరి దాకా అన్ని కార్లకీ తప్పనిసరి కాలేదు. అందుకని మోడల్ పేరు విని ఊరుకోకు, వేరియంట్ అడుగు.

క్లచ్ తొక్కలేక ఆటోమేటిక్ అంటున్నావు. చిన్న కార్లలో ఎక్కువగా దొరికేది ఏఎంటీ. అందులోనూ మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది. దాన్ని నీ కాలికి బదులు ఒక యంత్రం నొక్కుతుంది. ట్రాఫిక్‌లో జానెడు జానెడు పాకించిన బండైతే ఆ ప్లేటు అరిగే ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి, మళ్లీ కదిలించి చూడు. కుదుపు ఎక్కువైతే వదిలెయ్.

ఇక మోడల్ గొడవ ఇక్కడితో ఆపేసి అసలు సంగతికొస్తాను. మోడల్ ఏదైనా, నీ ఎదురుగా నిలబెట్టిన ఆ ఒక్క బండి ఎలాంటిదన్నదే ముఖ్యం. నేను బీమా ఆఫీసు మోటార్ క్లెయిముల సెక్షన్లో పనిచేసినన్నాళ్లూ చూసింది అదే. మంచి పేరున్న కారు చెడ్డ చేతిలో పడితే రెండేళ్లకే స్క్రాపు.

కారు చూడ్డానికి వెళ్లేముందే ఆర్సీ రెండు వైపులా, నడుస్తున్న బీమా పాలసీ ఫోటో తీసి పంపమను. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. ఏడాది క్లెయిమ్ లేకపోతే 20, తర్వాత 25, 35, 45, అయిదేళ్లు దాటితే 50. అయిదారేళ్ల కారుకి ఆ గడిలో సున్నా ఉందంటే పోయిన ఏడాది ఏదో జరిగి ఉండొచ్చు. ఏం జరిగిందో వాళ్ల నోటితో చెప్పించు. 50 ఉన్నంత మాత్రాన కడిగిన ముత్యమనుకోకు. సొంత డబ్బుతో బాగుచేయించుకున్నవాళ్లుంటారు, పాత కారు బోనస్ తెచ్చి దీనికి పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. అయినా "సింగిల్ హ్యాండ్, లేడీ డ్రివెన్, గీత కూడా పడలేదు" అనే వర్ణనకంటే ఈ అంకె నయం.

ఇంకోటి, వరద కార్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఎలా నానాయో నీకు తెలుసు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలకీ అదే జరిగింది. మునిగిన బళ్లు టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం దండగని బీమావాళ్లు తేల్చి పోయాక స్క్రాపు ధరకి చేతులు మారతాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికొస్తాయి. కారులో సెంటు వాసన గుప్పుమంటే నాకైతే అక్కడే అనుమానం. సీట్ బెల్టుని చివరిదాకా లాగు, బయటికి రాని భాగంలో బురద చార కనిపిస్తుంది. ఎంత కడిగినా ఆ చివర ఎవరూ కడగరు. డిక్కీలో స్టెప్నీ తీయించి కింద గుంటలో తుప్పుందేమో, సీట్లు బిగించిన బోల్టులు ఎర్రబారాయేమో చూడు.

మేస్త్రీ లేకుండా వెళ్లకు. పోయిన నెల లెక్చరర్ గారి తమ్ముడి కోసం ఆటోనగర్ మేస్త్రీతో కలిసి నేనూ ఒక కారు చూడ్డానికి వెళ్లాను. పొద్దున ఏడింటికే వెళ్లాం. మేస్త్రీ పలకరింపులేవీ లేకుండా బానెట్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. "మేం వస్తామని ముందే స్టార్ట్ చేశారా" అన్నాడు. చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యేటప్పుడే దాని అసలు గొంతు, పొగ బయటపడతాయిట, అందుకని ముందే వేడి చేసి పెడతారట. తర్వాత ముందు తలుపు తీసి దాని చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఊడలాగాడు. కంపెనీలో వేసిన వెల్డింగు చుక్కలు చిన్న చిన్న గుంటల్లా వరసగా ఉండాలిట. ఎడమవైపు ఉన్నాయి. కుడివైపు నున్నగా, పుట్టీ పెట్టి పెయింటు కొట్టి ఉంది. అద్దాల మీద కంపెనీ ముద్రలు చూస్తే ఒక తలుపు అద్దం మిగతావాటి కంటే మూడేళ్లు చిన్నది. "నలభై వేల కిలోమీటర్లే తిరిగింది" అంటున్నాడు అమ్మేవాడు. బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తే గళ్లు అరిగిపోయి అద్దంలా ఉంది. టీ తాగకుండా లేచొచ్చేశాం.

మీటరు తిప్పడం ఇప్పుడు నిమిషాల పని. కాబట్టి ఆ కంపెనీ షోరూమ్‌కి బండి నంబరు ఇచ్చి సర్వీసు రికార్డు తీయించమని అమ్మేవాళ్లనే అడుగు. ప్రతి సర్వీసుకీ అప్పటి రీడింగు అందులో ఉంటుంది. ఇవ్వడానికి నసిగితే అదే జవాబు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం తయారీ. టైర్లు మార్చాల్సి ఉంటే నాలుగింటి ఖర్చూ బేరంలో తగ్గించు.

బేరం అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగి ధరలు తగ్గాయి. అమ్మేవాళ్లు మాత్రం వాళ్లు కొన్నప్పటి ఆన్‌రోడ్ ధర చెప్పి అందులోంచి తగ్గిస్తున్నట్టు మాట్లాడతారు. ఇవాళ్టి కొత్త బండి ధర ఎంతో కనుక్కుని అక్కణ్నుంచి మొదలెట్టు. మైలేజీ మాట కూడా అంతే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ, లీటరుకి కాస్త తగ్గుతుంది. ఎప్పుడో వచ్చిన మైలేజీ ఇప్పుడూ వస్తోందని చెబితే నమ్మకు.

మీ చిన్నత్తయ్య వాళ్ల కారు ఇస్తామంటున్నారని నాన్న నీతో అన్నారట. వద్దు. కారు మంచిదే కావచ్చు. అది ఏపీ రిజిస్ట్రేషన్. హైదరాబాద్‌లో ఉంచుకోవాలంటే ఇక్కణ్నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు, కొత్త నంబరు. ఆ లెక్కంతా వేస్తే చుట్టరికం తగ్గింపు ఏమీ మిగలదు. పైగా ఆర్నెల్లకి గేర్‌బాక్సు పోయిందనుకో, పెళ్లిళ్లలో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవాలి కదా? నాన్నకి నేను చెప్పుకుంటాను, నువ్వు కల్పించుకోకు. నువ్వు అక్కడే టీఎస్‌దో టీజీదో చూసుకో. పసుపు బోర్డు మీద తిరిగి తెల్లబోర్డు అయిన బండి కాదని ఆర్సీలో చూడు.

ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్ఓసీ, అప్పు తీరిందని చెప్పే 35వ నంబరు ఫారం చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని పేరు వెంటనే మార్పించు. చలాన్లన్నీ వాళ్ల చేతే కట్టించు. పేరు మారిన పధ్నాలుగు రోజుల్లోపు పాలసీ కూడా నీ పేరు మీదికి రావాలి. ఆర్సీ కొత్తవాళ్ల పేరుతో, పాలసీ పాతవాళ్ల పేరుతో వచ్చిన క్లెయిములు నా టేబుల్ మీద ఎన్ని ఆగిపోయాయో! ఎదుటివాళ్లకి జరిగిన నష్టం సంగతి వేరు, నీ బండి రిపేరుకి మాత్రం పైసా రాదు. వాళ్ల నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు, అది వాళ్లతోనే పోతుంది. ఆ తేడా నువ్వే కట్టాలి, ముందే లెక్కేసుకో.

మియాపూర్‌లో చూసిన తెల్ల టియాగో టోకెన్ అడుగుతున్నాడన్నావు. పాలసీ ఫోటో నాకు వాట్సాప్ చేసేదాకా రూపాయి వెయ్యకు. ఆ ఆటోనగర్ మేస్త్రీ శనివారం మీ వైపు వస్తున్నాడు, వాళ్ల అమ్మాయి నిజాంపేటలోనే ఉంటుంది. నీ నంబరు ఇచ్చాను, పొద్దున్నే ఫోన్ చేస్తాడు. టిఫిను పెట్టి పంపు, మనిషి మొహమాటస్తుడు. ఇద్దరూ కలిసి వెళ్లండి. అల్లుడుగారిని కూడా తీసుకెళ్లు, బేరం మాత్రం నువ్వే ఆడు.

మీ
అమ్మ