మందు మానాలనుకునేవాడు ఎక్కడికి వెళ్లాలి?

సంపాదకుడు గారికి,

మద్యం దుకాణాల లాటరీ వచ్చిందంటే మన పత్రికల నిండా లెక్కలే. ఆంధ్రలో 3,396, తెలంగాణలో 2,620, దరఖాస్తు రుసుము ఇంత, ఖజానాకు జమ ఇంత, ఏ దుకాణానికి పోటీ ఎక్కువ. అవే పేజీల్లో, మందు మానదలచినవాడు సాయంత్రం ఎక్కడికి వెళ్లి కూర్చోవచ్చో చెప్పే రెండు లైన్లు నాకెప్పుడూ కనిపించలేదు. ఈ ఉత్తరం ఆ రెండు లైన్ల కోసమే.

మందు మానదలచినవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే సంఘం ఒకటుంది. పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక షేర్ మార్కెట్ ఉద్యోగి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకు బానిసలే, ఒకరికొకరు తోడుండి మానడంతో మొదలైంది. 1957లో బొంబాయి చేరింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోనూ మీటింగులు జరుగుతున్నాయి. ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు, లోపలికి రావచ్చు.

మా తమ్ముడు వెళ్తున్నాడు కాబట్టి నాకీ సంగతులు తెలిశాయి. ఇంటివాళ్లను కూడా రానిచ్చే ఓపెన్ మీటింగుకు నేనూ వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, గంటన్నర మాటలు. ఒక్కొక్కరే ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెట్టి తన గోడు, తను నిలదొక్కుకుంటున్న తీరు చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, తీర్పులివ్వరు. (మన ఇళ్లలో తాగేవాడికి తిట్లకూ సలహాలకూ కరువుండదు, ఇలా వినేవాళ్లకే కరువు.) జీవితాంతం తాగనని ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండు అంటారు. కొత్తగా వచ్చినవాడి చేతిలో పాతవాళ్లు తమ ఫోన్ నంబర్లు పెడతారు, చెయ్యి వణికే వేళ ఫోన్ చెయ్యమని. చివర్లో తిరిగే డబ్బాలో ఇష్టమైనవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే.

ఈ చోటు గురించి మాకు చెప్పిందెవరు? తమ్ముణ్ణి ఉంచుకుని బాగానే డబ్బు తీసుకున్న ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరు మాత్రం కాదు. ఇంటికి పంపేటప్పుడు కూడా వాళ్లు ఈ మాటెత్తలేదు. చెప్పింది ఒక ఆటో డ్రైవరు, తనూ తాగి మానినవాడే. మీటింగు చర్చి ఆవరణలోని గదిలో అనగానే మా అమ్మ, మతం పుచ్చుకోమంటారేమోనని భయపడింది. గది దొరికింది అక్కడ, అంతకు మించి ఏమీ లేదు. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది గానీ ఎవరికి తోచిన దేవుడు వారికే. దేవుణ్ణి నమ్మనివారూ వచ్చి కూర్చుంటారు.

ఇంత మంచిది అయితే వాళ్లే ప్రచారం చేసుకోవచ్చుగా అని అడగవచ్చు. తమ గురించి గొప్పలు చెప్పి జనాన్ని పోగేయకూడదని, బయటివాళ్ల దగ్గర, ప్రభుత్వం దగ్గరైనా సరే, డబ్బు తీసుకోకూడదని వాళ్ల సంప్రదాయం. అయితే గోప్యంగా ఉండాల్సింది సభ్యుల పేర్లు, మీటింగు వేళా గదీ కాదు. వాటిని నలుగురికీ తెలిపే పని బయటివాళ్లం మనం చెయ్యవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం రాయక తప్పదు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాళ్లు ముందు డాక్టర్ని కలవాలి. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఆ తర్వాతి నెలల్ని, సంవత్సరాల్ని నెట్టుకురావడానికి మీటింగు. 2019లో కేంద్రం వెలువరించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది మన వీధుల్లోనే ఉన్నారు.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో నిషేధం వచ్చింది, 1997లో పోయింది. అప్పటినుంచీ మన వాదనంతా దుకాణం ఉండాలా వద్దా అనే. తాగేవాడు మానితే ఎలా నిలబడతాడన్నది వాదనలోకే రాలేదు.

మీ జిల్లా పేజీలో ‘నేటి కార్యక్రమాలు’ వేస్తున్నారు. వారానికోసారి అందులో ఏఏ మీటింగుల చోటు, వేళ, కుటుంబసభ్యుల కోసం జరిగే అల్-అనాన్ మీటింగులవీ వేయండి. ఎక్సైజు శాఖకు ఇంకో విన్నపం: ప్రతి మద్యం దుకాణం ముందూ కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446ని ధరల పట్టిక పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయించాలి. మునిసిపల్ పాఠశాలల్లో సాయంత్రం ఖాళీగా ఉండే ఒక గది ఇస్తే చాలు, అద్దె వాళ్లే కట్టుకుంటారు. ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు అందాలంటే మీటింగు బస్టాండుకు దగ్గర్లో, ఏడున్నరలోపు ముగిసేలా ఉండాలి. ఆడవాళ్లలోనూ తాగుడుతో బాధపడేవాళ్లున్నారు. మగవాళ్లు నిండిన గదిలోకి వాళ్లు అడుగుపెట్టడం కష్టం. వారి కోసం పగటిపూట వేరే గది చూడాలి.

నా పేరు అచ్చు వేయవద్దని మనవి. అది బయటపడితే మా తమ్ముడి పేరూ బయటపడుతుంది.

— ఒక పాఠకురాలు, తెనాలి