తీపి తెలియకపోతే షుగర్ తగ్గినట్టేనా?

సంపాదకుల వారికి,

అలిపిరి దారిలో పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు షుగర్ తగ్గిస్తుందంటూ పొడపత్రి అనే మొక్క ఆకుల పొడి పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. కొనే ముందు ఒక పరీక్ష పెడతారు. పచ్చి ఆకు ఒకటి నమిలించి, కాసేపాగి చిటికెడు చక్కెర నోట్లో వేస్తారు. అది ఇసుక నమిలినట్టే ఉంటుంది. "చూశారా సార్, నాలుక మీదే చంపేసింది, ఒంట్లో ఉండనిస్తుందా?" అనగానే మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. నేనూ నమిలి చూశాను. తీపి నిజంగానే తెలియలేదు. తర్వాత తాగిన కాఫీలో ఒట్టి చేదే మిగిలింది.

ఇందులో మాయేమీ లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు అంటుకుని కాసేపు వాటిని పనిచేయనివ్వవు. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. అరగంటకో గంటకో తీపీ తిరిగొస్తుంది. ఈలోగా ఆ చక్కెర మాత్రం కడుపులోకి పోయి నెత్తుట్లో కలుస్తూనే ఉంటుంది. అంటే ఈ పరీక్షతో తేలేది ఆ ఆకు పొడపత్రి అని మాత్రమే, మన షుగర్ సంగతి కాదు. పైగా నమిలించేది పచ్చి ఆకు, చేతికిచ్చేది పొడి. ఆ పొట్లంలో ఏముందో ఎవరు చూడొచ్చారు?

మొక్కను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఆయుర్వేదం దీన్ని మధునాశిని, అంటే తీపిని చంపేది, అన్నది ఊరికే కాదు. 1990లో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో టైప్-2 షుగర్ ఉన్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చారు. ఐదుగురు మాత్రలు మానగలిగారు. చిన్న అధ్యయనమే అనుకోండి. అయినా అక్కడ ఇచ్చింది కొలిచిన మోతాదు, అదీ మాత్రలకు తోడుగా. ఇక్కడ పొట్లం కొన్న మర్నాడే మాత్రలు మానేసేవాళ్లున్నారు, డాక్టరుకు చెప్పకుండా రెండూ మింగేవాళ్లూ ఉన్నారు. గ్లిమిపెరైడ్ లాంటి షుగర్ మాత్రకు ఇది తోడైతే షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. పరగడుపున నడిచేవాళ్ల గతేంటి?

షుగర్ నయం చేస్తామని మందుకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఔషధ నియంత్రణ, ఆయుష్ అధికారులు ఓ ఉదయం ఇటు వచ్చి శాంపిళ్లు తీయాలి. ఊళ్లోనే ఉన్న ఎస్వీ ఆయుర్వేద కళాశాల వారు మనం కొన్న పొడిని పరీక్షించి చెప్పే ఏర్పాటు చేస్తే ఇంకా మేలు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, తేదీ లేని పొట్లాన్ని అసలు అమ్మనివ్వకూడదు.

— ఒక షుగర్ పేషెంటు, కొర్లగుంట, తిరుపతి