ముందు మహిళాసభ, ఆ తరువాతే గ్రామసభ

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి పల్లె నుంచి ఒక డ్వాక్రా సంఘ సభ్యురాలు రాస్తున్న లేఖ ఇది.

మా తీర గ్రామాల మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి నెలల తరబడి రారు. మిగతా పల్లెల వాళ్లు హైదరాబాద్‌కో చెన్నైకో వలస పోతారు. అన్నాళ్లూ ఇంటినీ పొలాన్నీ చూసుకునేది ఆడవాళ్లే. అయినా రోడ్డు ఎటు వేయాలో, బోరు ఎక్కడ దించాలో గ్రామసభలో తేల్చేది ఊళ్లో మిగిలిన నలుగురు మగవాళ్లు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

సభ పెట్టే వేళకు మేము ఉపాధి హామీ పనిలో ఉంటాం. పలాస వైపు ఆడవాళ్లయితే జీడిపప్పు పరిశ్రమల్లో పొట్టు తీస్తూ ఉంటారు. సాయంత్రం రిజిస్టరు ఇంటికి వస్తుంది, సంతకం పెట్టమంటారు. సంఘం లెక్కలో పది రూపాయల తేడా వచ్చినా తేలేదాకా లేవని ఆడవాళ్లతో, చదివి వినిపించని తీర్మానాల మీద సంతకాలు చేయిస్తున్నారు!

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కు తీసుకువెళ్లేది చాలా ఇళ్లలో భార్యో తల్లో. ఏ వీధి కుళాయికి ఏ పూట నీళ్లు రావో ఆమెకు తెలుసు. ఆమెను అడిగేవారేరీ? మాకు మాట్లాడటం రాదని మాత్రం అనకండి. 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, బీల అనే చిత్తడి భూములు దక్కాలని సోంపేటలో కదిలిన జనంలో ఆడవాళ్లు ముందు నిలిచారు.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మాకు మూడోవంతు స్థానాలిచ్చింది. మన రాష్ట్రం ఆ వాటాను సగానికి పెంచింది. కానీ చాలాచోట్ల సర్పంచి పక్కన ఆమె భర్తకూ కుర్చీ పడుతోంది, బిల్లుల చెల్లింపుకు వాడే డిజిటల్ కీ ఆయన జేబులో ఉంటోంది. పక్కనున్న అధికారులు చూసీ చూడనట్లు ఊరుకుంటున్నారు. నాకు ఎక్కువ కోపం వారి మీదే.

గ్రామసభకు ముందు మహిళాసభ జరపాలని కేంద్రం ఎప్పుడో సూచించింది. దాన్ని మీరు తప్పనిసరి చేయండి. వేళను ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య నిర్ణయించాలి. అక్కడి తీర్మానాలను గ్రామసభలో మొదట చదవాలి, తిరస్కరిస్తే కారణం రిజిస్టరులో రాయాలి. సర్పంచి భర్త వేదిక మీద కూర్చుంటే ఆ సభ చెల్లదని ఉత్తర్వు ఇవ్వండి. వచ్చే గ్రామసభలోపు ఆ ఉత్తర్వు మా పంచాయతీ నోటీసు బోర్డు మీదికి రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
సోంపేట ప్రాంత డ్వాక్రా మహిళ